అగ్రహారం వీధి మొగలో ఏ రాయి పెడదాం?

పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే రోడ్డు మీద కూచిపూడి వస్తుంది. ఒకప్పుడు దివి తాలూకా, ఇప్పుడు కృష్ణా జిల్లా మొవ్వ మండలం. బాలాత్రిపురసుందరీ సమేత రామలింగేశ్వరస్వామి గుడి, ఆ గుడిని ఆనుకుని భాగవతుల ఇళ్లు. తెలుగు తెలియని దేశాల్లో కూడా ఆడపిల్లలు గజ్జె కట్టి ఆడుతున్న నాట్యానికి పేరిచ్చింది ఈ ఊరు, అందులోనూ ఈ అగ్రహారం.

ఈ వీధి మొగలో చరిత్ర చెక్కిన రాయి ఒకటి నిలబెట్టాలనుకుందాం. దాని మీద ఏం రాయాలి? కింద వాదించుకునే ఇద్దర్నీ నేనే కల్పించాను. ఆయన ఈ వీధిలో పుట్టి, తెలుగు మాస్టారుగా రిటైరైనవాడు. ఆమె ఆయన చెల్లెలి కూతురు, కాలేజీలో చరిత్ర చెబుతుంది. మనుషులు కల్పితమేగానీ తగువు కల్పితం కాదు.

మామయ్య: చెక్కేవాడు అక్షరానికింత అని తీసుకుంటాడు. అందుకని పొదుపుగా రాశాను, విను. ‘గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా 1678లో ఇక్కడ విడిది చేసి, భాగవతుల ఆట చూసి మెచ్చి, ఈ అగ్రహారమును వారికి దానమిచ్చెను. శ్రీ సిద్ధేంద్రయోగి ఈ కళకు మూలపురుషులు.’ తేదీ ఉంది, దాత ఉన్నాడు, గురువు ఉన్నాడు. ఇంకేం కావాలి?

మేనకోడలు: పత్రం కావాలి మామయ్యా. తామ్రశాసనం రాసిచ్చాడని చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఆ రాగిరేకు ఏది?

మామయ్య: అదిగో, మొదలెట్టావు. అన్నేళ్లనాటి రేకు నా బీరువాలో ఉంటుందటే? ఈ నేల సంగతి తెలియనట్టు మాట్లాడతావు. 1864 నవంబరులో తుపాను బందరు మీద పడితే ముప్ఫై వేల మంది దాకా పోయారు. 1977లో దివిసీమ ఉప్పెన సంగతి మీ అమ్మనడుగు. సముద్రం ఇంత దగ్గర్లో పెట్టుకుని పాత పత్రాలు దాచమంటే ఎలా దాస్తారు?

మేనకోడలు: తాటాకు నిలవదు, కాగితం నిలవదు, ఒప్పుకుంటాను. రాగికి చిలుం పడుతుందంతే, నానిపోదుగా.

మామయ్య: పోయింది కాబట్టి అబద్ధమంటావు, అంతేగా? బందరు అప్పుడు గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ కొట్లు పెట్టుకుని కూర్చున్నారు. రాజు తన రేవు చూసుకోవడానికి రాడా? పైగా ఆయన కొలువులో చక్రం తిప్పుతున్నదెవరు? మాదన్న. అక్కన్న మాదన్నల మాట చెల్లుతున్న రోజుల్లో భాగవతులాడే బ్రాహ్మణులకి ఒక అగ్రహారం రాసివ్వడం వింతా?

మేనకోడలు: వింతేం కాదు. జరిగి ఉండొచ్చు. జరిగి ఉండొచ్చన్నదాన్ని జరిగిందని రాయి మీద చెక్కడమే నాకు నచ్చదు.

(నాదొక మాట. తెలుగువాళ్లకి తానీషా అంటే ఒక వింత అభిమానం. భద్రాచలం కథలో గోపన్నని చెరలో వేసినవాడు ఆయనే, రాముడి దర్శనం దక్కినవాడూ ఆయనే. కూచిపూడి కథలో ఆట చూసి ఊరిచ్చినవాడు కూడా ఆయనే. 1687లో ఔరంగజేబు చేతిలో రాజ్యం పోగొట్టుకున్న ఆఖరి నవాబుకి మన జనం కథల్లో ఇంత చోటిచ్చారు. చరిత్ర పరీక్షలో ఈ కథ నెగ్గినా నెగ్గకపోయినా, అది చెప్పుకున్నవాళ్ల మనసు ఎలాంటిదో చెబుతుంది. మామయ్య ఈ పాయింటు ఎత్తలేదు గనక నేను ఎత్తాను.)

మేనకోడలు: అసలు దొరికే కాగితం ఒకటి ఉండగా దాన్నొదిలేసి దొరకని రేకు పట్టుకుంటారేం మామయ్యా? 1763 సంగతి రాయండి. ఈ అగ్రహారం ఆస్తి ఎవరెవరికి చెందుతుందో తేల్చిన పంపకం. పదిహేను ఇంటిపేర్ల వాళ్లు హక్కుదార్లు. వేదాంతం, వెంపటి, పసుమర్తి, భాగవతుల, మహంకాళి, దర్భ, హరి, ఏలేశ్వరపు... ఇవాళ్టికీ ఆ ఇంటిపేర్లలో చాలామటుకు నాట్యం పుస్తకాల్లో కనపడతాయి.

మామయ్య: పంపకాల కాగితమా! దాన్ని గుడి ఎదురుగా పెట్టమంటావా? పైఊరి నుంచి వచ్చినవాళ్లు చదివి, వీళ్ల చరిత్రంతా స్థలాల గొడవేననుకుని పోతారు. వీధి గొప్పతనం విద్యలో ఉంటుందిగానీ వాటాల్లో ఉంటుందా?

మేనకోడలు: ఈ వీధికి సంబంధించినంతవరకూ విద్యా వాటా ఒకటే. ఆ ఇళ్లలో పుట్టినవాడికి స్థలంలో హక్కు, మేళంలో చోటు, గురువుగారి ముందు కూర్చునే యోగ్యత అన్నీ కలిసి వచ్చాయి. పుట్టనివాడికి మూడూ లేవు. ఆట ఇన్ని తరాలు చెదరకుండా నిలవడానికి యోగిగారి ఆశీస్సు ఎంత కారణమో నాకు తెలియదు. పదిహేను ఇళ్లు పక్కపక్కన, ఉమ్మడి హక్కుతో, ఒక గుడి చుట్టూ ఉండిపోవడం మాత్రం కచ్చితంగా కారణం.

మామయ్య: నీకు పాత కాగితాల పిచ్చి కదా, దానికంటే పాత ముచ్చట చెబుతాను. మాచుపల్లి కైఫీయతు చదివావా? సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు ఆడవాళ్లని హింసపెట్టి డబ్బు గుంజుతున్నాడు. భాగవతులు అది చూశారు. చూసి ఊరుకోలేదు. హంపీ విజయనగరం వెళ్లి రాజుగారి ముందు కేళిక కట్టి, గురవరాజు వేషం ఒకడు, ఏడ్చే ఆడదాని వేషం ఒకడు వేసి ఉన్నదున్నట్టు ఆడి చూపించారు. రాజు సైన్యాన్ని పంపి వాణ్ణి పట్టించాడు. అంత ధైర్యం చేసినవాళ్లమ్మా మనవాళ్లు. ఇది నీ పంపకాల కాగితం కంటే రెండొందల ఏళ్లు పైమాట.

మేనకోడలు: చదివాను. నాకూ అది ఇష్టమే. కానీ కైఫీయతులు మెకంజీ దొర ఊరూరా మనుషుల్ని పెట్టి రాయించినవి. అంటే పందొమ్మిదో శతాబ్దం మొదట్లో జనం చెప్పుకుంటున్న మాట. సరే, అక్షరాలా నిజమే అనుకుందాం. అప్పుడు మీ రెండో వాక్యం గతేమిటి?

మామయ్య: దానికేమొచ్చింది?

మేనకోడలు: విజయనగర రాజుల నాటికే ఇక్కడ భాగవతులుంటే సిద్ధేంద్రుడు మూలపురుషుడెలా అవుతాడు? ఆయన నారాయణతీర్థుల శిష్యుడంటారు. తీర్థులవారిని పదిహేడో శతాబ్దానికి చెందినవారుగా చెబుతారు. అంటే ఇంచుమించు తానీషా కాలం. గురవరాజు కథ నిలబడితే యోగిగారు తర్వాత వచ్చి మెరుగుపెట్టినవారవుతారు. యోగిగారే మొదటివారైతే గురవరాజు కథ వదులుకోవాలి. రెండూ ఒకే రాయి మీదికెక్కవు.

మామయ్య: సిద్ధేంద్రుడు పద్నాలుగో శతాబ్దం వాడన్న పండితులున్నారు.

మేనకోడలు: ఉన్నారు. అప్పుడు ఆయన తీర్థులవారికి శిష్యుడు కాడు. ఒక చోట అతుకు వేస్తే ఇంకో చోట చిరుగుతోంది మామయ్యా.

మామయ్య: తారీఖులు నువ్వే ఉంచుకో. నాకు తెలిసిన చరిత్ర వేరు. ఈ వీధిలో మగపిల్లవాడు పుడితే జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలి. సిద్ధేంద్రుడు పెట్టిన ఆన అది. మా తాత కట్టాడు, మా నాన్న కట్టాడు, మాస్టరీ ఉద్యోగం చేసిన నేనూ కట్టాను. గుడి ముందు పందిరి. అటూ ఇటూ రెండు దివిటీలు. దివిటీ పట్టినవాడు గుప్పెడు గుగ్గిలం పొడి విసిరితే భగ్గున లేచేది మంట. ఆ ఒక్క క్షణంలో వేషగాడి కళ్లు ఆఖరి వరసకి కూడా కనపడేవి. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. భామ ముందు ముఖం చూపించదు. తెర మీంచి జడ ఇవతలికి వేస్తుంది. జడకుచ్చులతో, నాగరంతో, చూసేవాళ్ల వైపు వేలాడుతూ ఉంటుంది అది. అలంకారం కోసమనుకున్నావా? పందెం అది. పాటలో, అభినయంలో, శాస్త్రంలో నన్ను మించినవాడెవడైనా ఉంటే ముందుకొచ్చి ఈ జడ కోసుకుపోవచ్చునని. జనంలో పండితులుంటారు, పక్క మేళంవాళ్లుంటారు, అందరూ జడ వంక చూస్తుంటారు. తెర వెనక నిలబడ్డ పద్దెనిమిదేళ్ల కుర్రాడికి కాళ్లు వణుకుతుంటాయి. నాకు వణికాయి. ఇది నీ కాగితాల్లో ఎక్కడుందే?

మేనకోడలు: ఎక్కడా లేదు. ఇది రాయి మీద ఉండాలని నేనూ అంటాను. కానీ ఆ జడ మగవాడిది. నిజంగా జడ ఉన్న మా అమ్మ ఆ రాత్రి ఎక్కడుంది?

మామయ్య: అరుగు మీద కూర్చుని చూసింది. అందరి ఆడవాళ్లతో పాటు.

మేనకోడలు: వంటయ్యాక వచ్చి చూసింది. మీకు దరువు మరుపొస్తే లోపల్నుంచి అందించింది ఎవరో మీరే చెప్పారు. మీరాడిన ఆ భామాకలాపం మొదలు నుంచి చివరిదాకా ఆమెకి నోటికి వచ్చు. ఏ ఎత్తుగడ ఏ తాళంలోనో తడుముకోకుండా చెబుతుంది. ఆమె ఒక్క అడుగు వేసిందా బయట?

మామయ్య: అప్పటి మర్యాద అది. ఆడవాళ్లు ఆటకెక్కితే ఊరుకునే రోజులు కావు. నన్ననడం దేనికి?

మేనకోడలు: మిమ్మల్ననడం లేదు. రాయి ఆ సంగతి చెప్పాలంటున్నాను. ఈ వీధి మగవాళ్లు ఆడవేషం కట్టారు, ఈ వీధి ఆడవాళ్లు ఏ వేషమూ కట్టలేదు. చెప్పాల్సిన పెద్ద సంగతి అదే కదా. ఇంకోటి. సత్యభామ ఈ వీధి ఒక్కదాని సొత్తు కాదు. గోదావరి వైపు కలావంతులు భామాకలాపం ఆడారు, మండపేటలో అన్నాబత్తుల వారి మేళానిది పెద్ద పేరు. శ్రీకాకుళం, విజయనగరం వైపు తూర్పు భాగవతంలో కూడా భామే నాయిక. క్షేత్రయ్యది మొవ్వ, మనకి పక్క ఊరు. ఆయన పదాలు అన్ని తరాలు ఎవరి గొంతులో, ఎవరి అభినయంలో బతికాయి? కలావంతుల దగ్గర.

మామయ్య: వాళ్ల సంప్రదాయం వేరు, మనది వేరు. వాళ్లది మేజువాణీ, మనది కలాపం, యక్షగానం. ఉషాపరిణయం, ప్రహ్లాద, రాత్రంతా ఆడేవి. చింతా వెంకటరామయ్యగారి మేళం ఆ నాటకాలు కట్టుకుని ఎన్ని ఊళ్లు తిరిగిందో తెలుసా?

మేనకోడలు: వేరే కావచ్చు. వాళ్ల ఆట ఆగినప్పుడు మన ఆటకి గొడుగు పట్టారన్నది కూడా నిజమే. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చింది. గుడికి అంకితమివ్వడం ఆపడానికి వచ్చిన చట్టమే అది, అవసరమే. దాంతో పాటు కలావంతుల ఇళ్లలో ఆటకీ పాటకీ ఉన్న పరువు కూడా పోయింది. తర్వాత ఆంధ్ర రాష్ట్రానికి తనదైన శాస్త్రీయ నాట్యం ఒకటి కావాల్సి వచ్చింది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ సదస్సులో కూచిపూడికి శాస్త్రీయమన్న ముద్ర పడలేదు. మరుసటేడు హైదరాబాదులో దీని మీదే సదస్సు పెట్టారు. యోగి, తానీషా, పదిహేను కుటుంబాలు వరసగా అమర్చిన కథ అప్పుడు గట్టిపడింది. పండిత బ్రాహ్మణుల వీధి అయితే శాస్త్రీయమని ఒప్పించడం తేలిక. కలావంతుల వీధి అయితే?

మామయ్య: ఆగు. చాలాసేపట్నుంచి వింటున్నాను. నేనొకటడుగుతాను చెప్పు. నీ 1763 కాగితంలో ఇంటిపేర్లు ఎవరివి?

మేనకోడలు: హక్కుదార్లవి.

మామయ్య: మగవాళ్లవి. మీ అమ్మలాంటిది ఒక్కతైనా ఉందా అందులో? కలావంతుల మాట ఉందా? గుగ్గిలం చల్లిన చాకలి, మేళం సామాను మోసిన బండివాడు ఉన్నారా? నా కథలో దాఖలా లేకపోవచ్చుగానీ సత్యభామైనా ఉంది. మొగుణ్ణి నిలదీసే ఆడది ఉంది. నీ కాగితంలో ఆస్తి తప్ప ఏముంది? ఆస్తి ఉన్నవాడే కాగితం రాయించుకుంటాడు. కాగితమే చరిత్రంటే ఆస్తి లేనివాడికి చరిత్ర లేదన్నమాట. నువ్వెవరి తరఫున మాట్లాడుతున్నానంటున్నావో వాళ్లందర్నీ నీ కాగితం ముందే గెంటేసింది.

మేనకోడలు: ...అది కాదనలేను. కాగితం ఎవర్ని లోపలుంచిందో చెబుతుంది. బయటున్నవాళ్లని మనమే వెతుక్కోవాలి. కానీ ఆ గోడ ఎక్కడుందో తెలియాలంటే ఆ కాగితమే కావాలి.

మామయ్య: గోడ, గోడ! ఆ గోడ కూలగొట్టింది కూడా ఈ వీధివాళ్లే. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు ఆడవాళ్లకి నేర్పారు, ఎవరి అభ్యంతరం వారికుండగానే. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టారు. దేశం నలుమూలల ఆడపిల్లలు వచ్చి ఆయన దగ్గర అడుగు దిద్దుకున్నారు. పసుమర్తి కృష్ణమూర్తిగారు మాయాబజార్‌కి నృత్యాలు కట్టారు. సినిమా చూసినవాళ్లందరూ కూచిపూడి చూసినట్టే.

మేనకోడలు: అదీ రాయండి మామయ్యా! మీ ఫలకంలో వీధి 1678లో పుట్టి అక్కడే ఆగిపోయింది. వాళ్లెందుకు వెళ్లారో కూడా రాయండి. మేళాన్ని పోషించింది తానీషా ఒక్కడేనా? బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది, కాలవలొచ్చాయి, మాగాణి పెరిగింది. పంట ఇంటికొచ్చాక రైతులు పిలిపించి ఆడించుకుంటేనే కదా మన పొయ్యి వెలిగింది. ఆ రైతుల ఊసు మీరెత్తరేం? తర్వాత సినిమా వచ్చింది, రాత్రంతా కూర్చునే జనం తగ్గారు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం, 1956 ఇనాముల రద్దు చట్టం వచ్చాయి. ఇనాముల మీద బతికిన అగ్రహారాలన్నిటి కాళ్ల కింద నేల కదిలింది. మద్రాసు రైలెక్కినవాళ్లు కళని వ్యాప్తి చేద్దామనే ఎక్కారంటే నేను నమ్మను. అన్నం కోసం కూడా ఎక్కారు.

మామయ్య: అందరూ ఎక్కలేదు. వేదాంతం సత్యనారాయణశర్మగారు ఎక్కలేదు. ఇక్కడే ఉండి ఉష, భామ, మోహిని వేషాలు కట్టారు. 1970లో పద్మశ్రీ ఇంటికే వచ్చింది. ఆయన భామ వేషంలో నడిచొస్తుంటే ఆడవాళ్లే నడక నేర్చుకోవాలనుకునేవాళ్లు.

మేనకోడలు: చినసత్యంగారూ శర్మగారూ ఇద్దరూ 2012లోనే పోయారు. ఒకాయన మగవాడు ఆడవేషం కట్టే ఆటని చివరిదాకా ఊళ్లో నిలబెట్టారు, ఇంకొకాయన అదే ఆటని ఆడపిల్లల చేతికిచ్చి లోకానికి పంపారు. సిద్ధేంద్రుడి కాలం మనం తేల్చలేం. వీళ్లిద్దరి కాలం మనం చూసింది. వీళ్లని వదిలి ఆయన దగ్గర ఆగిపోవడమేమిటి?

మామయ్య: ఆయన్ని తీసేస్తే ఈ వీధివాళ్లు రాయి నాటనివ్వరు.

మేనకోడలు: తీసెయ్యమనలేదు. ‘మూలపురుషుడిగా కొలుస్తారు’ అని రాయండి. అది నూటికి నూరుపాళ్లు నిజం. తానీషా దగ్గర ‘అని తరతరాలుగా చెప్పుకుంటారు’ అని చేర్చండి. అదీ నిజమే.

మామయ్య: చెప్పుకుంటారు, కొలుస్తారు... చెక్కేవాడికి అక్షరాలు పెరుగుతాయి.

మేనకోడలు: పెరిగిన అక్షరాల డబ్బు నేనిస్తాను.

వాళ్ల వాదన ఇక్కడితో ఆగలేదు, నేనే ఆపాను. నా తీర్పు అడిగితే: ఫలకంలో పై వరస 1763కి దక్కాలి, రెండో వరస తానీషాకి, మేనకోడలు చెప్పిన మాట చేర్పుతో. జడ పందెం తప్పకుండా ఉండాలి, అందులో మామయ్యదే గెలుపు. మద్రాసు వెళ్లినవాళ్లూ, వెళ్లనివాళ్లూ పేర్లతో ఉండాలి. ఈ ఆటని పోషించిన రైతుల మాట, ఇదే భామని వేరే వీధుల్లో ఆడిన కలావంతుల మాట ఒక్క వాక్యమైనా పడాలి. మామయ్య వేసిన ఆ ఆఖరి ప్రశ్నకి మాత్రం మేనకోడలి దగ్గర పూర్తి జవాబు లేదు, నా దగ్గరా లేదు. కాగితానికెక్కనివాళ్ల చరిత్ర మనుషుల నోట్లోనే ఉంటుంది, ఆ మనుషులు పెద్దవాళ్లయిపోతున్నారు.

మీ ఊళ్లోనూ ఒక అగ్రహారమో, సాలెవీధో, కంసాలిబజారో ఉంటుంది. ఫలకం, ఆవిష్కరణ, అతిథులు తర్వాత చూసుకోవచ్చు. ముందు ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచి పాత దస్తావేజులు ఫోటో తీయండి. ఆ తర్వాత ఎనభై దాటిన మీ అత్తయ్యని కూర్చోబెట్టి, ఫోన్లో రికార్డింగు నొక్కి, వీధిలో ఒక్కో ఇల్లూ ఒకప్పుడు ఎవరిదో వరసగా చెప్పమనండి.